విశాఖ విహారము - సీమవారి కర్తవ్యము

వేసవి సెలవులు రాగానే కర్నూలు, కడప ప్రాంతములనుండి పలుకుటుంబములు విశాఖపట్టణమునకు పయనమగుట నేడు సామాన్యమైనది. వెనుక మనవారు ఊరు కదలినచో అది అహోబిలమునకో, శ్రీశైలమునకో, తిరుపతికో. మ్రొక్కు లేని ప్రయాణము దుబారా యని పెద్దల యభిప్రాయము. ఆ మాట యిప్పటికిని వినబడుచునే యున్నది. బావిలో నీరు అడుగంటిన యేట మనకు సముద్రస్నాన మేల యని యొక రైతు ప్రశ్నించినచో, ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అయినను కన్నులు తెరచి చేసిన ప్రయాణము వ్యర్థము కాదని మా తలంపు.

కేవలము సముద్రమునే చూడగోరినచో కడపవారికి నెల్లూరికడ నున్న మైపాడు చేరువ. అట్లయ్యును ఒక రాత్రియు, కొంత పగలును రైలులో గడపి విశాఖకు పోవుటకు కారణము వేరు. తూర్పుకనుమలు అచ్చట కడలి యంచువరకు వచ్చినవి. కొండపాదమున పట్టణము, పట్టణపు టంచున సముద్రము. ఈ మూడును ఒక్క చూపున కానవచ్చు చోట్లు తెలుగుదేశమున అరుదు. ఈ సౌందర్యము కంటికి విందు మాత్రమే కాదు. డాల్ఫిన్ నోస్ అను కొండ సముద్రములోనికి చొచ్చుకొనివచ్చి అలల తాకిడికి అడ్డు నిలుచుటచేతనే దాని మాటున 1933లో ఓడరేవు వెలసినది. భీమునిపట్టణపు దారిలో తొట్లకొండపై రమారమి రెండువేల యేండ్లక్రిందట బౌద్ధభిక్షువులు రాతిలో తొట్లు తొలిపించి, వాననీటిని నిలువ చేసికొని నివసించిరి. ఆ తొట్లు నేటికిని నిలిచియున్నవి. నీటిచుక్క వెల యెరిగిన సీమవాడు అలలకన్న ముందుగా చూడవలసినవి ఆ తొట్లే.

ఇట్టి తీరమును మనము కాపాడుకొనుచున్నామా? 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను పట్టణముపై విరుచుకపడి చెట్లను కూకటివ్రేళ్లతో పెకలించెను. అది ప్రకృతి చేసిన నష్టము. మనుష్యులు చేసిన నష్టము వేరుగా నున్నది. ఋషికొండపై నున్న పర్యాటకశాఖవారి పాత విడిదిని పడగొట్టి, 2021 మొదలు కొండనే తొలిచి, కొత్త భవనములు లేపిరి. వ్యవహారము హైకోర్టున కెక్కినది. అనుమతికి మించి కొండను త్రవ్వినట్లు నిపుణుల సంఘము నివేదించినది. అయినను 2024 ఫిబ్రవరిలో ఆ భవనములకు ప్రారంభోత్సవము జరుగనే జరిగినది. ఆ కొండక్రింది తీరమునకే 2020లో నీలిపతాక మను అంతర్జాతీయపు గుర్తింపు లభించెను. నిర్వహణలోని లోపములచేత 2025లో కొంతకాలము ఆ పతాకమును దింపవలసివచ్చెను. ఏ పక్షము అధికారమున నున్నను, తవ్విన కొండ తిరిగి పెరుగదు. ఇది పక్షముల తగవుగా ముగియరాదు.

విడుదులు, బాటలు లేనిదే యాత్రికులు రారనియు, యాత్రికులు రానిదే అచ్చటివారికి పని దొరకదనియు కొందరు వాదింతురు. ఈ వాదమున సత్యము లేకపోలేదు. కాని యాత్రికుడు వచ్చునది విడిదిని చూచుటకు గాదు; కొండను, కడలిని చూచుటకు. ఆ కొండనే తొలచి విడిది కట్టుట విత్తనపు ధాన్యమును వండుకొని తినుట వంటిది. కట్టడములకు కొండపాదమున, తీరమునకు ఎడముగా చోటు లేకపోలేదు. కొండమీది చెట్టు పోయిన వెనుక మన్ను చెరువులోనికి దిగుననియు, చెరువు పూడిన వెనుక ఆయకట్టు బీడగుననియు మన సీమలోని భూస్వాములకు ఒకరు చెప్పనక్కరలేదు. బోడికొండల క్రింద బ్రతుకెట్లుండునో మన మెరిగినంతగా ఎరిగినవారు లేరు.

ఇప్పుడీ ప్రశ్న మన గుమ్మములోనికే వచ్చినది. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పారు గండికోటకు నానాటికి చూపరులు పెరుగుచున్నారు. దాని యభివృద్ధికై 2024లో కేంద్రప్రభుత్వము సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. సంతోషమే. 1884లో రాబర్టు బ్రూస్ ఫూట్ గమనించి వ్రాసిన బెలుము గుహలు నేడు దీపములతో వెలుగుచు జనులను ఆకర్షించుచున్నవి. అదియు సంతోషమే. కాని గండికోట జలాశయమును చూచి సముద్రమువలె నున్నదని మురియు పట్టణవాసులు ఒక సంగతి తెలిసికొనవలెను. ఆ నీరు నిలుచుటకై తాళ్లప్రొద్దుటూరు ప్రజలు 2020లో ఇండ్లు వాకిళ్లు విడిచిరి. పడవలో విహరించువాని క్రింద నొకరి పెరడున్నది.

కావున మూడు సంగతులను ప్రభుత్వమువారికిని, మన ప్రజలకును మనవి చేయుచున్నాము. గండికోట లోయ యంచునను, కొండ నెత్తిమీదను కొత్త కట్టడము లేవియు లేవరాదు. విడుదులు దూరముగా సమభూమిలోనే ఉండవలెను. పడవలు, అంగళ్లు, కావలి, వంట మున్నగు పనులలో ముంపునకు ఊళ్లిచ్చినవారికి మొదటి హక్కు కలుగవలెను. ధనికుని గదితోపాటు, పిల్లలను చంకనెత్తుకొని బస్సులో వచ్చు బీదరైతు కుటుంబమునకు నీడ, మంచినీరు, అల్పమైన అద్దెకు బస ఏర్పడవలెను. సముద్రము ఏ యొక్కరి సొత్తును కానట్లే పెన్నలోయయు కాదు.

ఈ విషయములలో గ్రామసభలు మౌనము వహించినచో, పనియంతయు జరిగిపోయిన వెనుక కోర్టులకు తిరుగుట తప్ప మిగులున దేమియు లేదు. విశాఖవారి యనుభవము మన యెదుట నున్నది. వచ్చు వేసవిలో విశాఖకు పోవు మనవారు పిల్లలకు అలలను చూపుదురు గాక. తొట్లకొండనుగూడ ఎక్కింతురు గాక. తిరిగివచ్చి తమ యూరి కొండవైపు ఒకమారు తలయెత్తి చూచినచో, ఆ రైలు ఖర్చు దుబారా కానేరదు.