సెల్లార్లో కార్ఖానా

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్లినా ఏదో ఒక కోర్సు బోర్డు ఎదురవుతుంది. ప్రోగ్రామింగ్ నేర్పేవాళ్లే కాదు, ఆటోకాడ్, సాలిడ్‌వర్క్స్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు నేర్పేవాళ్లూ అక్కడే. మూడు నెలలు తిరిగితే కుర్రాడు కంప్యూటర్ మీద పళ్లచక్రం గీసేస్తాడు. అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, రంగు మారుస్తాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ తెర మీది చక్రానికి బరువుండదు. వేడెక్కదు. విరగదు. దాన్ని చేత్తో పట్టుకోవాలంటే ఏం చేయాలన్నది మాత్రం ఆ కోర్సులో ఉండదు.

ఆ గీతను చెక్క మీదకు దించే యంత్రం ఒకటుంది. పేరు సీఎన్‌సీ రూటర్ టేబుల్. ఫర్నిచర్ షాపుల్లో తలుపుల మీద లతలూ పువ్వులూ చెక్కేది, పూజగది జాలీలు కోసేది ఇదే. లక్షలు పోస్తే తప్ప రాదనుకునే ఈ యంత్రాన్ని ఇంటి కిందే, స్కూటర్ పెట్టుకునేంత జాగాలో తయారు చేసుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అమెరికాలో అయితే ఇంటికో గ్యారేజీ. అమీర్‌పేట, పంజాగుట్టల్లో గ్యారేజీ ఎక్కడిది? ఉన్నదల్లా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒక కారు పట్టే గడి. అదృష్టం బాగుంటే దాని పక్కన గోడవార నాలుగడుగులు.

ఇంతకీ ఏమిటీ యంత్రం? ఒక బల్ల. దాని మీద అటూ ఇటూ జరిగే వంతెన. వంతెనకు వేలాడుతూ గిర్రున తిరిగే కట్టర్. ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ, పైకీ కిందికీ... ఈ మూడు కదలికలకూ మోటార్లు. ఎంత దూరం, ఎంత వేగంతో కదలాలో కంప్యూటర్ అంకెల్లో చెబుతుంది. వడ్రంగి చేతిలో ఉలి చేసే ప్రయాణాన్ని అంకెలుగా మార్చడమే ఇందులో కిటుకు. ఈ ఆలోచన హెలికాప్టర్ రెక్కల దగ్గర మొదలైంది. ఆ రెక్కల వంపు సరిగ్గా రావడానికి అమెరికాలోని మిషిగన్‌లో జాన్ పార్సన్స్ అనే ఆయన అంకెల పద్ధతి పట్టుకున్నాడు. 1949లో అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది. 1952లో ఎంఐటీ ప్రయోగశాలలో అంకెలతో నడిచే తొలి మిల్లింగ్ యంత్రాన్ని జనానికి చూపించారు. దాని కంట్రోల్ బీరువాలు వాక్యూమ్ ట్యూబులతో యంత్రం కంటే పెద్దగా ఉండేవి. ఇప్పుడు ఆ పని అరచేతిలో పట్టే ఆర్డుయినో బోర్డు చేస్తుంది. దాని మీద నడిచే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామును నార్వే ఇంజినీరు ఒకాయన 2009లో రాసి ఉచితంగా వదిలేశాడు. ఇళ్లలో ఈ యంత్రాలు పుట్టుకురావడానికి సగం కారణం అదే.

మనవాళ్లకు యంత్రాలు కొత్తేం కాదు. 1943లోనే సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ వచ్చింది. 1965లో హెచ్‌ఎంటీ హైదరాబాద్‌లో యంత్ర పరికరాల యూనిట్ పెట్టింది. 1968లో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ మొదలైంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే బాలానగర్ ఆరో స్టేషన్. కోర్సుల బోర్డులకూ లేత్ యంత్రాలకూ మధ్య దూరం అంతే.

ఆ బాలానగర్‌లోనే ఒక కథ మలుపు తిరిగింది. చింతకింది మల్లేశం పేరు వినే ఉంటారు. ఆలేరు దగ్గర శారాజీపేట, చేనేత కుటుంబం. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. తల్లి లక్ష్మి ఆసు పోసేది. నేయడానికి ముందు నూలును మీటరు పొడవున, అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు పైకీ కిందికీ ఆడాలి. అయిదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. భుజాలూ మోచేతులూ ఏమవుతాయో చెప్పక్కర్లేదు. ఇక తనవల్ల కాదన్న తల్లి మాటే కొడుకును యంత్రం వైపు నెట్టింది.

1992లో మొదలుపెట్టాడు. ఇంజినీరింగ్ చదవలేదు, డ్రాయింగ్ రాదు. చెక్క ముక్కలు, మోటారు, దొరికిన ఇనుము... ఒక భాగం కుదిరితే ఇంకోటి కుదిరేది కాదు. అప్పులు పెరిగాయి. ఇంట్లోవాళ్లూ బంధువులూ వద్దన్నారు. చివరికి హైదరాబాద్ వచ్చి కరెంటు పనుల్లో చేరి, మిగిలిన డబ్బులతో విడిభాగాలు కొనుక్కున్నాడు. అన్నీ అయినా ఒక్క కదలిక మాత్రం చిక్కలేదు. 1999లో పని మీద బాలానగర్‌లో ఒక యూనిట్‌కు వెళ్తే అక్కడి యంత్రం చెయ్యి ఒకటి సరిగ్గా తనకు కావలసినట్టే కదులుతోంది! చూసింది చూసినట్టు తన యంత్రానికి అమర్చాడు. ఆసు తిరిగింది. అయిదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఆ ఏడేళ్లలో ఎన్నిసార్లు విప్పి మళ్లీ బిగించాడో మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

సెల్లార్లో యంత్రం కట్టబోయేవాళ్లకు పనికొచ్చేది ఆ విప్పడం, బిగించడమే. మల్లేశానికి దొరకనివి చాలా ఇప్పుడు దొరుకుతాయి. కోఠీ గుజరాతీ గల్లీలో బోర్డులు, వైర్లు, స్విచ్చులు. రాణీగంజ్‌లో బేరింగులు, బోల్టులు. మిగిలినవి ఇంటికే తెప్పించుకోవచ్చు. దొరకనిదల్లా ఓపిక.

మొదటి తప్పు దాదాపు అందరూ చేసేదే. డబ్బు మిగులుతుందని సొరుగులకు వేసే స్లైడింగ్ చానళ్ల మీద వంతెన నిలబెడతారు. చేత్తో జరిపితే బాగానే జరుగుతుంది. కట్టర్ చెక్కలో దిగగానే వణుకు మొదలవుతుంది. గీత గీతలా ఉండదు, ఎలుక కొరికినట్టుంటుంది. సొరుగు చానల్ బరువు మోయడానికి పుట్టింది కానీ పక్కనుంచి తోస్తే నిలబడటానికి కాదు. పూర్తి పొడవునా ఆధారం ఉన్న గుండ్రటి ఉక్కు కడ్డీలో, చదరపు రైళ్లో వేసుకోవాలి. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోవచ్చు కానీ ఇక్కడ తగ్గిస్తే చెక్కకు తెలిసిపోతుంది.

రెండోది స్క్రూ. హార్డ్‌వేర్ షాపులో దొరికే 8 మిల్లీమీటర్ల మరలకడ్డీతో మొదలుపెడతారు. ఒక్క చుట్టు తిరిగితే అది వంతెనను 1.25 మిల్లీమీటర్లే జరుపుతుంది. నిమిషానికి 600 చుట్లు తిప్పినా 75 సెంటీమీటర్లే. నత్త నడక! పైగా నట్టుకూ మరకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి దిశ మారినప్పుడల్లా కాసేపు మోటారు తిరుగుతుంది కానీ వంతెన కదలదు. గుండ్రంగా రావలసిన వలయం కోడిగుడ్డులా వచ్చేది ఇందుకే. నట్టు లోపల ఉక్కు గోలీలు దొర్లే బాల్ స్క్రూ వేస్తే ఈ సందు బాగా తగ్గుతుంది. 16 మిల్లీమీటర్ల రకంలో చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తుంది. అంటే అడుగుకు 0.025 మిల్లీమీటరు. చెక్కపనికి ఇంతకన్నా ఏం కావాలి? కాగితం మీద లెక్క అది. బోల్టులు సరిగ్గా బిగించకపోతే ఆ లెక్క కాగితం మీదే ఉండిపోతుంది.

ఇక మూలమట్టం. ఇక్కడ కంప్యూటర్ కన్నా మేస్త్రీ నయం. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ తాడు పట్టి ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి, వాటి కొసల మధ్య 5 అడుగులొస్తే మూల సరిపోయిందంటాడు. బల్లకూ అదే సూత్రం. ఆపైన రెండు మూలగీతలూ కొలవాలి. రెండూ ఒకటే వచ్చేదాకా సడలించడం, సరిచేయడం, బిగించడం. ఒక ఆదివారం దీనికే పోతుంది. పోనివ్వాలి. వంతెన ఒక మిల్లీమీటరు వాలితే తలుపు ఎప్పటికీ గుమ్మంలో కూర్చోదు.

ఇదంతా కుర్రాడి గొడవ. ఇంట్లోవాళ్ల గొడవ వేరు. పైన రెండో అంతస్తులో ఎవరో ఇంటర్ పిల్ల పరీక్షకు చదువుకుంటూ ఉంటుంది. పక్క బ్లాకులో ఓ తాతగారు మధ్యాహ్నం కునుకు తీస్తుంటారు. నిమిషానికి ఇరవై, ముప్ఫై వేల చుట్లు తిరిగే రూటర్ చెక్కలో దిగితే దగ్గరున్నవాళ్ల చెవులు హోరెత్తాల్సిందే. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటితే 45 మించకూడదు. యంత్రాన్ని పెట్టెలో మూయడం, కింద మందపాటి రబ్బరు వేయడం, అన్నిటికన్నా ముందు అసోసియేషన్ వాళ్లను అడగడం తప్పదు. సెల్లార్ అందరిదీ. చెప్పకుండా మొదలుపెడితే మూడో రోజుకే వాచ్‌మన్ మెయిన్ స్విచ్ ఆపేస్తాడు. అందులో అతని తప్పేం లేదు.

పొట్టు సంగతి ఇంకా ముఖ్యం. చౌకగా దొరుకుతుందని అందరూ ఎండీఎఫ్ పలకలే కోస్తారు. అది చెక్క పీచును ఫార్మాల్డిహైడ్ ఉన్న జిగురుతో అదిమి చేసింది. కోస్తే గోధుమపిండి లాంటి మెత్తటి ధూళి లేస్తుంది. చెక్క ధూళినీ, ఫార్మాల్డిహైడ్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. గాలి ఆడని సెల్లార్లో ముక్కుకు జేబురుమాలు కట్టుకుని నిలబడితే సరిపోదు. కట్టర్ పక్కనే వాక్యూమ్ గొట్టం, మూతికి సరైన మాస్కు, కళ్లకు అద్దాలు ఉండాలి. పంజాగుట్టలో నిమ్స్ దగ్గరే కదా అని ధైర్యం చేయడం తెలివైన పని కాదు. యంత్రానికి ఎర్తింగ్, చేతికందేంత దగ్గర్లో ఎర్రటి ఆపుడు బటన్ లేకుండా ప్లగ్గు పెట్టనే కూడదు. ఇవి కుదరవనుకుంటే సెల్లార్ మాట మానుకుని రాయదుర్గంలోని టీ-వర్క్స్ వైపు చూడొచ్చు. నమూనాలు తయారు చేసుకునేవాళ్ల కోసమే 2023 మార్చిలో దాన్ని తెరిచారు.

అన్నీ కుదిరి బల్ల నిలబడ్డాక మొదట ఏం కోయాలి? చాలామంది నేరుగా టేకు పలక పెట్టేస్తారు. టేకు ఖరీదు తెలిసినవాళ్లెవరూ ఆ పని చేయరు. ముందు పనికిరాని ప్లైవుడ్ మీద ఒక చదరం, దానిలో ఒక వలయం కోసి కొలవాలి. కట్టర్ కాలిన వాసనొస్తే భయపడి వేగం తగ్గిస్తారు. నిజానికి అది మరీ నెమ్మదిగా నడిచినప్పుడు వచ్చే వాసన కావచ్చు. కదలకుండా ఒకేచోట రాసుకుంటే చెక్క మాడుతుంది, పొట్టు బయటికి పోతేనే వేడీ బయటికి పోతుంది. రెండు అంచుల కట్టర్ 18,000 చుట్లలో ఒక్కో అంచుతో 0.05 మిల్లీమీటరు కొరకాలంటే నిమిషానికి 1,800 మిల్లీమీటర్ల వేగంతో నడవాలి.

ఆ తర్వాత ఎలాగూ ఇంటి నేమ్‌ప్లేటే. అది తెలుగులో అయితే ఇంకో సుఖం ఉంది. గుండ్రంగా తిరిగే కట్టర్ లోపలి మూలల్ని చదరంగా కోయలేదు. ఇంగ్లిష్ ఈ, ఎఫ్ లాంటి అక్షరాల్లో ఆ లోపం కనిపిస్తుంది. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి 3 మిల్లీమీటర్ల కట్టర్ హాయిగా తిరిగొస్తుంది. చిక్కల్లా ఒత్తుల దగ్గర. అక్షరానికీ ఒత్తుకూ మధ్య సందు 3 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే కట్టర్ దూరదు, రెండూ కలిసి ముద్దయిపోతాయి. పలకను చివరిదాకా కోసి అక్షరాల్ని విడిగా తీసేవాళ్లు ముందే చిన్న చిన్న అతుకులు వదిలిపెట్టాలి. లేదంటే విఠల్ ఇంటి నేమ్‌ప్లేట్లో 'ఠ' మధ్య చుక్క ఊడి పొట్టులో కలిసిపోతుంది. వాక్యూమ్ సంచి విప్పి వెతుక్కోవాలి.