మనుష్యుల జాడ్యము, మూగజీవుల ప్రాణము

2022వ సంవత్సరము జనవరి 18వ తేదీన హాంగుకాంగు ప్రభుత్వము వారొక యుత్తరువు ప్రకటించిరి. నగరములోని దుకాణములలో నమ్మకమునకున్న హేమ్‌స్టర్లనెల్ల చంపవలెననియు, 2021 డిసెంబరు 22వ తేదీ మొదలుకొని వానిని కొనుక్కొనిపోయిన గృహస్థులు తమ ప్రాణులను తెచ్చి యధికారుల కప్పగింపవలెననియు దాని సారాంశము. హేమ్‌స్టరనునది అరచేతిలో నిముడునంతటి ఎలుకజాతి జంతువు. పిల్లలు ముచ్చటపడి పెంచుకొనునది. ఒక దుకాణములోని పనివారికి కోవిడు సోకినది. అప్పటి కా నగరమునందు మనుష్యులలో కనబడుచుండినది ముఖ్యముగా ఒమిక్రాను రకము. ఈ పనివారికి సోకినది డెల్టా రకము. ఎక్కడినుండి వచ్చినదని వెదకగా, నెదర్లాండ్సు దేశమునుండి దిగుమతియైన హేమ్‌స్టర్లలో నా వైరసు కనబడినది. అంతట ఉత్తరువు వెలువడినది. రెండువేలకు పైబడిన హేమ్‌స్టర్లును, వానితోపాటు కుందేళ్లు మొదలగు మరికొన్ని చిన్నజంతువులును చంపబడినవి. చిన్నజంతువులను దిగుమతి చేసికొనుట నిలిపివేయబడినది.

ఈ వార్త మన పత్రికలలో నానాడు వినోదవార్తగా వెలువడినది. ఎలుకలపై దండయాత్రయని కొందరు పరిహసించిరి. అయినను ఇది పరిహాసమునకు తగిన విషయము గాదని మా యభిప్రాయము. జాడ్యము ప్రబలిన కాలములో ప్రభుత్వము గృహస్థుని వాకిలి దాటి లోపలికి వచ్చి, వాని బిడ్డ యొడిలోని ప్రాణిని తెమ్మనవచ్చునా? రమ్మన్నచో నే యాధారముమీద? ఈ ప్రశ్న మరల రాక మానదు. రేపు మన బెజవాడలో రావచ్చును, విశాఖపట్టణములో రావచ్చును. కుక్కలు, పిల్లులు, చిలుకలు మాత్రమే గాక నేడు కుందేళ్లు, తెల్లయెలుకలు, గినీపందులు మన పట్టణగృహములలో ప్రవేశించినవి గదా.

న్యాయము చెప్పవలెనన్న హాంగుకాంగు వారి భయము నిరాధారము గాదు. హేమ్‌స్టరుకు కోవిడు సులభముగా సోకునని 2020లోనే ప్రయోగశాలలలో తేలినది. ఆ ప్రయోగములు చేసినవారిలో హాంగుకాంగు విశ్వవిద్యాలయము వారే ముఖ్యులు. ఆ విశ్వవిద్యాలయము వారే 2022 మార్చిలో లాన్సెట్ పత్రికయందు తమ పరిశోధనను ప్రకటించి, దుకాణములోని హేమ్‌స్టర్లనుండి మనుష్యులకు వ్యాధి సంక్రమించినదని వైరసు జన్యుక్రమమును బట్టి నిరూపించిరి. కావున వ్యాధి కనబడిన దుకాణమును మూయించుట, అందలి సరకును పట్టుకొనుట తప్పనజాలము. గాలికుంటు వచ్చిన పశువును మందలో నుంచుకొను రైతు ఎవడు? మా యాక్షేపణ వేరొకచోట నున్నది. ఇంటిలో బోనులో నున్న ప్రాణి, బయటికి పోని ప్రాణి, ఒక కుటుంబము తప్ప వేరెవ్వరును తాకని ప్రాణి, దానిని కొన్ని వారములు వేరుగా నుంచి పరీక్షింపరాదా? 2020 ఫిబ్రవరిలో నదే నగరములో నొక ముసలి కుక్కకు వ్యాధి సోకినట్లు కనబడినప్పుడు దానిని ప్రత్యేకస్థలమున నుంచి, పలుమార్లు పరీక్షించి, వ్యాధి లేదని తేలిన పిమ్మట యజమానుని కప్పగించిరి. కుక్కకు దొరకిన మర్యాద ఎలుకకు దొరకలేదు. వెల తక్కువ, పరిమాణము తక్కువ, అడుగువారు పిల్లలు. కారణ మింతకన్న వేరొకటి మాకు తోచుట లేదు.

ఇక గినీపంది విషయము. దాని పేరే యొక యబద్ధము. అది గినీదేశమునకు సంబంధించినదియు గాదు, పందియు గాదు. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతప్రాంతములలో వేలకొలది సంవత్సరములుగా నింటింట పెంపబడుచున్న శాకాహారి. పెరూ దేశస్థులు నేటికిని దానిని భుజింతురు. ఐరోపావారు దానిని మొదట ముచ్చటకును, తరువాత ప్రయోగశాలకును తెచ్చుకొనిరి. 1882లో రాబర్టు కాక్ పండితుడు క్షయరోగమునకు కారణమగు సూక్ష్మజీవిని నిరూపించుటలో నీ ప్రాణినే యుపయోగించెను. మనుష్యుని రోగములను గూర్చి మన కింత తెలియుటకు నీ చిన్నప్రాణి యొడ్డిన ప్రాణములు లెక్కలేనివి. తనకు రోగము వచ్చినప్పుడు మాత్రము దాని నడుగువారు లేరు.

చిత్రమేమనగా, కోవిడు విషయములో గినీపంది హేమ్‌స్టరువంటిది గాదు. ఆ వైరసు జీవకణములోనికి చొచ్చుటకు పట్టుకొనవలసిన గ్రాహకము గినీపందిలో వేరురూపమున నున్నది. వైరసు దానిని సరిగా పట్టుకొనజాలదని ప్రయోగములు తెలిపినవి. అయినను "చిన్నజంతువులు" అను నొక్కమాటలో హేమ్‌స్టరును, గినీపందిని, కుందేలును గలిపి కట్టుట యధికారులకు సులువు. పేరు పెట్టినచో పరీక్ష చేయవలసివచ్చును. జాతివాచకము వాడినచో కలముపోటుతో సరిపోవును.

అట్లని గినీపంది నిర్భయముగా నుండవచ్చునా? ఉండరాదు. దానికి శత్రువు వేరొకటి గలదు. అది మన యిన్‌ఫ్లుయెంజా. ఇందుకు సంబంధించిన కథ తెలిసికొనదగినది. 1918లో లోకమంతట ఇన్‌ఫ్లుయెంజా మహామారి విజృంభించి, మన దేశములో కోటిమందికి పైగా బలిగొన్నది. ఆ కాలముననే అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రములో క్యాంపు కోడి యను సైనికశిబిరమందలి ప్రయోగశాలలో గినీపందులు ఒకదాని వెంట నొకటి చనిపోవ మొదలిడినవి. శిబిరములోని సైనికులకు జబ్బు వచ్చినది, బోనులలోని గినీపందులకును వచ్చినది. ఈ సంగతిని 1919లో నచ్చటి వైద్యులు తమ పత్రికలో వ్రాసిరి. ఎవరును పట్టించుకొనలేదు. సుమారు తొమ్మిది దశాబ్దముల పిమ్మట న్యూయార్కు నగరములో పీటరు పలేసె, ఆనిసు లోవెన్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆ ప్రాతవ్యాసమును జూచి, గినీపందులపై ప్రయోగము చేసి, మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వానికి సోకుటయే గాక ఒకదానినుండి మరియొకదానికి ప్రాకుననియు 2006లో ప్రకటించిరి. చల్లని పొడిగాలిలో నీ ప్రాకుట హెచ్చనియు మరుసటి యేడు కనుగొనిరి. చలికాలమున ఫ్లూ హెచ్చుటకు గల కారణములలో నొకటి యీ మూగప్రాణి మూలముననే తెలియవచ్చినది.

దీనివలన తేలునదేమి? మహామారి కాలములో గినీపందివలన యజమానునికి గల భయముకన్న యజమానునివలన గినీపందికి గల భయమే పెద్దది. మన పెద్దలు పొలమునుండి వచ్చి కాళ్లుచేతులు కడుగుకొనక పసిబిడ్డ నెత్తుకొనెడివారు గారు. ఆ యాచారమునే యిచ్చట పాటించినచో చాలును. ఇంటిలో జ్వరపడినవారు బోనుదగ్గరకు పోరాదు. ఆరోగ్యవంతుడొకడు మేత వేయవలెను. ఒంటరిగా నుండువాడు జ్వరపడినచో ముక్కు నోరు కప్పుకొని, చేతులు సబ్బుతో కడుగుకొని, ముద్దాడక, యొడిలో పెట్టుకొనక, మేత నీరు మాత్రము మార్చి తొలగిపోవలెను. కుక్కలు, కుందేళ్లు గల యింట వానిని గినీపందికి దూరముగా నుంచుట యెల్లప్పుడును మంచిది. వానికి హానిచేయక వాని ముక్కులలో నుండు నొకజాతి సూక్ష్మజీవి గినీపందికి శ్వాసకోశజ్వరము తెప్పించును.

భయపడినవాడు చేయు పొరపాట్లు రోగముకన్న నెక్కువ చెరుపు చేయును. 2020లో చేతులకు రాచుకొను స్పిరిటు మందును జంతువుల యొంటికి బూసినవారున్నారు. గినీపంది తన వెండ్రుకలను తానే నాకుకొను ప్రాణి. పూసినది కడుపులోనికి పోవును. బోనును తెల్లబొడి నీళ్లతో కడిగి, వాసన పోకమునుపే ప్రాణిని లోపల విడిచినచో ఊపిరితిత్తులు చెడును. అన్నిటికన్న ఘోరమైన పొరపాటు ఇంటిలోని మందులపెట్టెను విప్పుట. మనకు సాధారణముగా నిచ్చు పెన్సిలిను, అమాక్సిసిలిను జాతి మందులు గినీపంది కడుపులోని మేలుచేయు సూక్ష్మజీవులను నశింపజేసి దాని ప్రాణమునే తీయవచ్చును. పిల్లవానికి వ్రాసిన మందు పిల్లవాని గినీపందికి విషము.

మరియొక సంగతి. మనుష్యునివలెనే గినీపందియు సి విటమిను తనలో తయారుచేసికొనలేదు. 1907లో నార్వే దేశపు పండితులు హోల్స్టు, ఫ్రోలిక్ అనువారు స్కర్వీ రోగమును ఈ ప్రాణిలో గనుగొనిన పిమ్మటనే యా విషయపు పరిశోధన ముందుకు సాగినది. పచ్చిమేత నిలిచిపోయినచో కొలదివారములలో కీళ్లు వాచి, చిగుళ్లు చెడి, ప్రాణి కృశించును. 2020 మార్చిలో దేశమంతయు నిర్బంధములో నున్నప్పుడు కేంద్రప్రభుత్వము వారు తెరచియుంచదగిన దుకాణముల పట్టికలో పశుగ్రాసమును జేర్చిరి. అది మెచ్చదగిన పని. కాని పట్టణములో అంగడినుండి పొట్లముల మేత తెచ్చుకొనుట కలవాటుపడినవాడు పశుగ్రాసపు కొట్టు ఎచ్చట నున్నదో యెరుగడు. వానికి మేము చెప్పునది స్వల్పము. మందు చల్లని చోటి పచ్చగరిక, కొత్తిమీర, చిన్న జామకాయముక్క చాలును. వరిగడ్డిలో సారము తక్కువ. ఎండబెట్టిన పచ్చికయే మేలు. దాని పండ్లు జీవితమంతయు పెరుగుచునే యుండును గనుక నమలుటకు గడ్డి యెప్పుడును ముందుండవలెను. ఒక పూట మేత ముట్టకున్నను ఉపేక్షింపరాదు. మన వేసవి దానికి మహామారికన్న తక్కువ శత్రువు గాదు. ముప్పది డిగ్రీలు దాటిన వేడి దానికి ప్రమాదము. గుంటూరు మే నెలలో దాని గతి యేమగునో చదువరులే యూహింపగలరు.

ఇక రాజ్యముల నడవడి. డెన్మార్కు కథ హాంగుకాంగునకు పెద్దన్న. ఆ దేశములో మింకు అను ప్రాణిని దాని చర్మముకొరకు లక్షలకొలదిగా పెంచెడివారు. మింకులలో కోవిడు వ్యాపించి, మార్పుచెంది, మరల మనుష్యులకు వచ్చుచున్నదని తెలిసి 2020 నవంబరు 4వ తేదీన ప్రధానమంత్రి మెటే ఫ్రెడరిక్‌సన్ దేశములోని మింకులనెల్ల చంపవలెనని ప్రకటించెను. సుమారు కోటి డెబ్బదిలక్షల ప్రాణులు. కొలదిదినములకే తెలిసినదేమనగా, వ్యాధి సోకని ప్రాంతములలోని మందలను చంపింప ప్రభుత్వమునకు చట్టరీత్యా యధికారమే లేదట! ఆ నెల 18వ తేదీన వ్యవసాయమంత్రి రాజీనామా యిచ్చెను. పోయిన ప్రాణములు తిరిగి రాలేదు. పూడ్చిన కళేబరములు కొన్ని యుబ్బి నేల పైకి లేచినవని కూడ వార్తలు వచ్చినవి. ముందు చంపి పిమ్మట చట్టము వెదకుకొను ప్రభుత్వము మిక్కిలి నాగరికమని పేరుపొందిన దేశమునందే యుండగా, మనము జాగరూకులము గాకున్న నెట్లు?

మన దేశములో 2020లో ప్రయోగింపబడిన ముఖ్యశాసనములలో నొకటి 1897 నాటిది. బొంబాయి ప్లేగు కాలములో నాంగ్లప్రభుత్వము వారు కొలదిపాటి సెక్షనులతో తొందరగా చేసిన చట్టమది. ఎట్టి చర్యనైనను గైకొనుట కధికారము నిచ్చినదే గాని, ఆ చర్యకు హద్దు చెప్పలేదు. పెంపుడుజంతువుల ప్రస్తావన యందు లేదు. 2009లో పార్లమెంటు పశువుల యంటువ్యాధులకై వేరొక చట్టము చేసినది. అది పశువులనుండి పశువులకు వచ్చు వ్యాధులను దృష్టియందుంచుకొనినది. మనుష్యుని రోగము మనుష్యుని యింటి ప్రాణికి సోకినచో నెవరేమి చేయవలెనో స్పష్టముగా చెప్పు విధియొకటి కావలసియున్నది.

మనవారికి చేతగాని పని యని యెవ్వరు ననరాదు. 2021 మేలో హైదరాబాదు నెహ్రూ జంతుశాలలోని యెనిమిది సింహములకు కోవిడు సోకినట్లు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. జంతుశాలను మూసి, సింహములను వేరుచేసి, చికిత్స చేసిరి, అవి కోలుకొన్నవి. తుపాకి మాట యెవ్వరును తలపెట్టలేదు. అంతకు ముందు 2020 ఫిబ్రవరి చివర, కోడిమాంసమువలన కోవిడు వచ్చునను పుకారుతో కోళ్లరైతులు దివాలా తీయుచుండగా, తెలంగాణ మంత్రులు హైదరాబాదులో వేదికపై నెక్కి కోడిమాంసము తిని చూపిరి. ఆ దృశ్యమున కొంత నాటకమున్నను, పుకారునకు జవాబు వెంటనే చెప్పవలెనను బుద్ధి యందున్నది. దేశములో నప్పుడు భయముచే కుక్కలను పిల్లులను వీధిపాలు చేసినవారును లేకపోలేదు. పెంపుడుజంతువులను విడిచిపెట్టవలదని జంతుసంక్షేమ మండలివారు విజ్ఞప్తి చేయవలసివచ్చినది.

కావున మేము రాష్ట్రప్రభుత్వముల రెండింటిని కోరునది యిది. రాబోవు మహామారికి ముందే, తీరిక యున్న యిప్పుడే, పశుసంవర్ధకశాఖయు వైద్యశాఖయు కలిసి యొక విధానమును వ్రాసి యుంచవలెను. ఏ జాతికి నే వ్యాధి సోకునో, దేనికి సోకదో జాతుల పేళ్లతో పట్టిక యుండవలెను. "చిన్నజంతువులు" అను మూటమాట యందు పనికిరాదు. ఇంటిప్రాణిని పరీక్షింపక, వేరుగా నుంచు నవకాశము యజమానునికి నీయక చంపరాదు. చంపక తప్పనిచో కారణము వ్రాతమూలకముగా తెలుపవలెను. యజమానుడు ఆసుపత్రిలో చేరినచో ఆ దినములలో ప్రాణికి మేత వేయు బాధ్యత నెవరు వహింతురో, ప్రతి పురపాలకసంఘములోను నొక యుద్యోగి పేరు ముందుగనే ప్రకటింపబడవలెను. 2021 వేసవిలో కుటుంబములు కుటుంబములే యాసుపత్రులపాలైనప్పుడు తాళము వేసిన యిండ్లలో బోనులు మిగిలిపోయిన సంగతి యిరుగుపొరుగువా రెరుగుదురు.