ఎల్లలు మాఱిన సీమ

ఈ సంచికను మా చిత్తూరు సరిహద్దు సీమకు సమర్పించుచున్నాము.

ఉత్తరార్కాటు, కడప మండలముల భాగములను కూర్చి 1911 ఏప్రిల్ 1న నిర్మింపబడిన ఈ జిల్లా, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మదరాసు రాష్ట్రమున కిచ్చి, సత్యవేడు ప్రాంతమును గైకొని, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేఱగుటతో మా తిరుచానూరును సైతము విడిచినది. పటముపై గీత మాఱుట ఒక్కదినపు కార్యము. ఆ గీత కిరువైపుల వియ్యమందిన కుటుంబములు, ఒకే సంతకు పోవు రైతులు అట్లు మాఱజాలరు. కర్ణాటక నందికొండలలో పుట్టి కుప్పము సీమను దాటి తమిళనాడు చేరు పాలారునకు ఏ గీతయు అడ్డుకాలేదు. కుప్పమున మూడు భాషలు ఒక్క బజారులో వినబడుచుండగా, తిరుమలపై తమిళ శాసనములు గోడలపైనను, అన్నమాచార్యుల తెలుగు సంకీర్తనములు రాగిరేకులపైనను నిలిచి యున్నవి. ఈ సహజీవనమే మా సంచికకు సూత్రము. భాషాభిమానమును విరోధముగా మార్చు వ్రాతలను మేము స్వీకరింపలేదు.

2011 జనగణనలో 41 లక్షలు దాటిన ఉమ్మడి జిల్లా ప్రజలలో పదిమందికి ఏడుగురు పల్లెవాసులు. జిల్లా విభక్తమైనందున ఆ లెక్కలు నేటి యెల్లలకు సరిపడవు. కావుననే గ్రామచరిత్రలను విడివిడిగ వ్రాసికొనవలసిన తరుణ మిదియే యని మా విశ్వాసము. నగరి, పలమనేరు, కుప్పము ప్రాంతపు పాఠకులు తమ పెద్దలవలన వినిన వలసల, వివాహముల, సంతల వృత్తాంతములను మాకు పంపుదురుగాక. రాబోవు సంచికలలో వానికి చోటు కల్పింతుము.