గృహవిజ్ఞానము: పాత కంప్యూటరునకు క్రొత్త కాపు



రాత్రి పరుండబోవునపుడు తలుపు గడియ వేయుట మనము మరువము. కాని బ్యాంకు పద్దులును, పిల్లల పత్రములును, మన రహస్యపదములును దాచుకొన్న కంప్యూటరునకు గడియ యున్నదో లేదో విచారించువారు మనలో మిక్కిలి తక్కువ. మనబోటి యిండ్లలోని యంత్రము తరచుగా పదియేండ్ల నాటిది. విండోసు బరువు మోయలేక లినక్సు నాశ్రయించినది. "లినక్సు గదా, భయమేమి?" యని కొందరందురు. ఆ మాట సగమే నిజము.

2018 జనవరి 3వ తేదీన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను దోషములు లోకమునకు వెల్లడియయ్యెను. ఇవి యంత్రమునకు మెదడువంటి ప్రాసెసరులోనివి. గూగులువారి ప్రాజెక్టు జీరోలోని యాన్ హార్న్, ఆస్ట్రియాదేశపు గ్రాట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పండితులు మున్నగువారు వీనిని కనుగొనిరి.

దోషమెట్టిదనగా: చురుకైన కోడలు చుట్టములు వత్తురేమో యని ముందే యెసరు పెట్టును, వారు రాకున్న దింపివేయును. ప్రాసెసరును అట్లే రాబోవు పని నూహించి ముందుగా చేసి, ఊహ తప్పినచో ఫలితమును పారవేయును. ఎసరు దింపినను పొయ్యి వేడి మిగులును గదా! అట్లే ప్రాసెసరులోని చిన్న జ్ఞాపకపుటరలో జాడ మిగులును. దుష్టమైన ప్రోగ్రాము కాలమును కొలిచి, ఆ జాడనుబట్టి పరుల రహస్యమును గ్రహింపగలదు.

దీనికి మందులు రెండు. మొదటిది లినక్సు మూలభాగమైన కెర్నెలును నవీకరించుట. మెల్ట్‌డౌనునకు గోడ యిదియే కట్టును. రెండవది మైక్రోకోడు, అనగా ప్రాసెసరు లోపలి సూక్ష్మాజ్ఞల సవరణ. విద్యుత్తు ఆగగానే ప్రాసెసరు ఈ సవరణను మరచును గనుక, యంత్రము లేచినప్పుడెల్ల మరల నేర్పవలెను. పాతయంత్రములకు తయారుచేసినవారు బయాస్ సవరణ లిచ్చుట మానినను, లినక్సు తానే యీ పని చేయగలదు. డెబియన్, ఉబుంటులలో ఇందుకు ఇంటెల్-మైక్రోకోడ్, ఏఎమ్‌డీ64-మైక్రోకోడ్ అను ప్యాకేజీలు గలవు.

పరీక్ష సులభము. టెర్మినల్ తెరచి ఎల్, ఎస్, సీ, పీ, యూ అను అయిదు ఆంగ్లాక్షరములను చిన్నబడిలో కొట్టుడు. చివరి పంక్తులలో "మిటిగేషన్" అనియున్న కాపు కలదు. "నాట్ ఎఫెక్టెడ్" అనియున్న ఆ దోషము లేదు. "వల్నరబుల్" అనియున్న గండి తెరచియున్నది.

అన్ని గండ్లును పూడవు. కోర్ 2 కాలపు పెక్కు ప్రాసెసర్లకు స్పెక్టర్ సవరణ నీయబోమని 2018 ఏప్రిల్‌లో ఇంటెల్ వారే తెలిపిరి. అట్టి యంత్రమును పారవేయ నక్కరలేదు. పిల్లల పాఠములకు, వ్రాతపనికి వాడుకొనుడు. బ్యాంకు పని మాత్రము దానిపై వలదు.

ఒకమారు సవరించి ఊరకుండుటయు తగదు. 2023 జూలైలో ఏఎమ్‌డీ జెన్ 2 ప్రాసెసర్లలో జెన్‌బ్లీడ్, ఆగస్టులో ఇంటెల్ ఆరవతరమునుండి పదునొకండవతరము వరకుగల పెక్కింటిలో డౌన్‌ఫాల్ బయలుపడెను. సవరణకు ముందు ముఖ్యపత్రముల నకలు తీసి యుంచుడు. 2018 జనవరిలో వచ్చిన తొలి మైక్రోకోడు కొన్ని యంత్రములను ఊరక పునఃప్రారంభింపజేయగా, 22వ తేదీన ఇంటెల్ వారే దానిని నిలుపుడని చెప్పవలసివచ్చెను.

ఇది మగవారి పని యని, పెద్దబ్బాయి సెలవులకు వచ్చి చూచునని వాయిదా వేయకుడు. పద్దు వ్రాయు చేయి మనది, రహస్యపదము మనది. నెలసామాను చీటీ వ్రాయునాడే నవీకరణమును చేయు నియమము పెట్టుకొనుడు.