మొటిమలు పోతాయి, గుంటలు పోవు

“వయసొచ్చింది, మొటిమలు రాకుండా ఉంటాయా? వాటంతటవే పోతాయిలే!”

మీలో చాలామంది ఈ మాట ఇంట్లో వినే ఉంటారు. ఇందులో నిజం సగమే. చాలామందికి కొన్నేళ్ళలో మొటిమలు తగ్గిపోతాయి. కాని కొందరి బుగ్గల మీద అవి చిన్న చిన్న గుంటలు మిగిల్చి మరీ పోతాయి. ఆ గుంటలు మాత్రం వాటంతటవి పోవు. అందుకే మొటిమను చూసి సిగ్గుపడటం ఎంత పొరపాటో, పట్టించుకోకుండా వదిలేయటం కూడా అంతే పొరపాటని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

గుంట ఎలా పడుతుంది?

మన చర్మంలో ముఖ్యమైన పొరలు రెండు. పైన ఉండేది బాహ్యచర్మం. ఇది చాలా పలుచన. పాత కణాలు రాలిపోతూ, కొత్తవి పుడుతూ, ఇంచుమించు నెలకొకసారి ఈ పొర కొత్తదవుతూ ఉంటుంది. అందుకే పైపైన గీరుకుపోతే మచ్చ లేకుండా మానిపోతుంది.

దాని కింద ఉండే అంతశ్చర్మం సంగతి వేరు. అందులో కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు నులకమంచం అల్లికలా ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. చర్మానికి మందం, బిగువు వాటివల్లనే.

మీ వయసులో కొన్ని హార్మోన్లు ఎక్కువగా తయారవుతాయి. వాటి ప్రభావంతో చర్మంలోని తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవిస్తాయి. ఆ జిడ్డు, రాలిన కణాలు కలిసి రోమకూపానికి బిరడాలా అడ్డుపడతాయి. వెనుక నిలిచిన జిడ్డులో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దానితో శరీరం పోరాడుతుంది. ఆ పోరాటమే మనకు ఎరుపుగా, వాపుగా, చీముగా కనిపిస్తుంది. పోరాటం తీవ్రమై చాలా రోజులు సాగితే కొల్లాజెన్ పోగులు కూడా దెబ్బతిని కరిగిపోతాయి. పోయినంత కొల్లాజెన్ తిరిగి తయారు కాకపోతే అక్కడ చర్మం కుంగిపోతుంది. అదే గుంట!

మొటిమను గోటితో గిల్లితే ఏమవుతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. చీము కొంత బయటికి వస్తుంది. కాని నొక్కిన ఒత్తిడికి రోమకూపం గోడ లోపల పగిలితే మిగిలిన చీము, జిడ్డు అంతశ్చర్మంలోకి చేరతాయి. పోరాటం ఇంకా పెద్దదవుతుంది.

పూర్వం స్ఫోటకం సోకి బతికి బయటపడ్డవారి ముఖాల మీద కూడా ఇటువంటి గుంటలే మిగిలేవి. ప్రపంచంలో ఆ వ్యాధి అంతమైపోయిందని 1980లో ప్రకటించారు. వ్యాధి పోయినా దాని గుంటలు మాత్రం వారి ముఖాల మీద జీవితాంతం ఉండిపోయాయి.

మచ్చ వేరు, గుంట వేరు

మొటిమ మానాక మిగిలే ఎర్రటి, నల్లటి మరకలన్నీ గుంటలు కావు. అద్దం పట్టుకుని కిటికీ పక్కన నిలబడండి. వెలుతురు పక్కనుంచి బుగ్గ మీద పడాలి. నీడ పట్టి లోతు కనిపిస్తే అది గుంట. రంగు తేడా మాత్రమే ఉంటే అది మరక. మరకలు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. ఎండ తగలకుండా చూసుకుంటే ఇంకా మంచిది.

ప్రకటనలు ఈ తేడా చెప్పవు. మరక తగ్గిన ముఖాన్ని చూపించి, గుంట పూడుతుందన్న ఆశ కల్పిస్తాయి. గోడ లోపల ఇటుక రాలిపోతే పైన సున్నం కొట్టినంత మాత్రాన గోడ సమం అవుతుందా? పసుపైనా, చందనమైనా, ఖరీదైన క్రీమైనా లోతైన గుంటను పూడ్చలేవు.

కొన్ని క్రీములు అంతకంటె ప్రమాదం. స్టెరాయిడ్లు కలిసిన పూతలు మొదట ముఖాన్ని తెల్లగా, నునుపుగా చేసినట్లు కనిపిస్తాయి. వాడగా వాడగా చర్మం పలచబడుతుంది, మొటిమలు ఇంకా పెరుగుతాయి. వైద్యుడు చెప్పకుండా వాటి జోలికి పోవద్దు.

వైద్యులేం చేస్తారు?

గుంటలు మూడు రకాలు. సూదితో పొడిచినట్లు సన్నగా, లోతుగా ఉండేవి ఒక రకం. బిళ్ళతో అచ్చు వేసినట్లు నిటారు అంచులతో ఉండేవి రెండో రకం. అంచులు తెలియకుండా అలల్లా పల్లంగా ఉండేవి మూడో రకం. ఒక్కో రకానికి ఒక్కో చికిత్స.

సన్నని లోతైన గుంటలో గాఢమైన ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లాన్ని చుక్కంత మాత్రమే తాకిస్తారు. లేదా ఆ గుంటను చిన్న గొట్టంవంటి కత్తితో తీసేసి కుట్టు వేస్తారు. అలల్లాంటి గుంటల కథ పరుపు కథే. దూది పరుపు మీద కుట్టు వేసినచోట పల్లం పడుతుంది కదా! అలాగే ఈ గుంటలను లోపలి నుంచి గట్టి పోగులు కిందికి లాగుతూ ఉంటాయి. చర్మం కిందికి సూదిని పంపి ఆ పోగులను తెంచుతారు. ఈ పద్ధతిని అమెరికాలో ఓరెన్‌ట్రైక్ అనే వైద్యులు 1995లో వివరించారు.

చర్మాన్ని అరగదీసే పద్ధతి ఇంకా పాతది. జర్మనీలో క్రోమయర్ అనే వైద్యుడు 1905 నాటికే తిరిగే పరికరాలతో ఈ పని చేశాడు. ఇప్పుడు సన్నని సూదులున్న పరికరాలు, లేజర్ కిరణాలు వచ్చాయి. 2004లో వెలువడిన లేజర్ పద్ధతిలో కిరణాన్ని సన్నని చుక్కలుగా విడగొట్టి పంపుతారు. చుక్కకూ చుక్కకూ మధ్య చర్మం చెక్కుచెదరదు గనుక గాయం త్వరగా మానుతుంది.

గుంటను మాన్పటానికి మళ్ళీ గాయమా? ఆశ్చర్యంగా ఉంది కదూ! కాని కిటుకంతా అక్కడే ఉంది. అదుపులో చేసిన చిన్న గాయాన్ని మాన్పుకునే ప్రయత్నంలో శరీరం కొత్త కొల్లాజెన్‌ను తయారు చేస్తుంది. అందుకు నెలలు పడుతుంది. చికిత్స చాలాసార్లు చేయించుకోవలసి వస్తుంది. ఖర్చూ ఎక్కువే. మన వంటి చామనచాయ చర్మం మీద గాయమైనచోట నల్లబడే ప్రమాదం కూడా ఉంది. ఇంత చేసినా గుంటల లోతు తగ్గుతుందే గాని, అవి పూర్తిగా మాయం కావు. “ఒక్కసారితో మాయం చేస్తాం” అనే మాట నమ్మకండి. ఆమ్లాలు, సూదుల రోలర్లు కొని ఇంట్లో ప్రయత్నించటం మరీ ప్రమాదం.

సమయం మీ చేతిలోనే ఉంది

అందాన్ని గురించి ఇంత ఆలోచన దేనికని కొందరు పెద్దలు అడగవచ్చు. కాని మొటిమలు చర్మానికి వచ్చే వ్యాధి. పన్ను పుచ్చితే “దానంతటదే పోతుందిలే” అని ఊరుకోము గదా! లోతైన, నొప్పి పెట్టే మొటిమలు వస్తున్నా, మానినచోట గుంటలు పడుతున్నా వెంటనే చర్మవైద్యుణ్ణి చూడాలి. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో ఈ విభాగం ఉంటుంది. బెంజాయిల్ పెరాక్సైడ్, అడపలీన్ వంటి పూతమందులకు అయ్యే ఖర్చు లేజర్ ఖర్చులో చాలా చిన్న భాగం. అయితే ఫలితం కనిపించటానికి 6 నుంచి 8 వారాలైనా పడుతుంది. మూడు రోజులు రాసి మానేస్తే లాభం లేదు.

ఇప్పటికే గుంటలు పడ్డవారు దిగులుపడనక్కర లేదు. వైద్యం ఉంది, తొందర లేదు. ముందు కొత్త మొటిమలు అదుపులోకి రావాలి, గుంటల సంగతి ఆ తర్వాత. ఈలోగా తరగతిలో ఎవరి ముఖాన్నయినా చూసి ఎగతాళి చేసేవారుంటే వారికి కొల్లాజెన్ కథ చెప్పండి. అందులో నవ్వవలసిందేమీ లేదని వారికే తెలుస్తుంది.