మారీ కర్మశాల

జపానుదేశపు గస్ట్ సంస్థ 1997లో వెలువరించిన ‘మారీ నో అతొరియె’, అనగా ‘మారీ కర్మశాల’, అను వీడియో ఆటలో నాయిక వీరవనిత కాదు. రసవాదము నేర్పు విద్యాలయమున అందఱికంటె వెనుకబడిన విద్యార్థిని. గురువు ఆమెను వెడలగొట్టలేదు. ఒక కర్మశాల నిచ్చి, ఐదేండ్లలో మెచ్చదగిన వస్తువు నొకదానిని చేసి చూపుమనెను.

ఇట్టి యాటలలో లోకరక్షణము పరిపాటి. ఇందు గడువే శత్రువు. మూలికలకై అడవి కేగినచో దినములు గడచును. వానిని కలిపి మందు చేసినచో మఱికొన్ని గడచును. ధనమునకై ఊరివారు కోరినవి చేసి యిచ్చినను గడచును. ఆటలు కాలమును హరించునని పెద్దలందురు. పెక్కింటి విషయమున నిజమే. దినదినమునకు లెక్క యడుగు ఈ యాటను మాత్రము ఆ పట్టికలో చేర్చుట న్యాయము కాదు. తప్పిన విద్యార్థికి తిట్లకు బదులు పనిముట్లిచ్చిన గురువును నేనింతవఱకు మఱియొక ఆటలో చూడలేదు.