కారు మాట్లాడుకొని రమ్మనేవాళ్ళకు

"కారు మాట్లాడుకొని రండి మేడం, మీకు సేఫ్‌గా ఉంటుంది." సాహిత్య సభలకు పిలిచేవాళ్ళ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎంతో ఆదరంగా అంటారు. అందుకే దీనిమీద కోపం తెచ్చుకోవడం కష్టం. కానీ కోపం తెచ్చుకోవలసిన మాటే ఇది.

మాది నిజామాబాదు జిల్లా వర్ని. నిజాంసాగర్ కాలువ కింది ఊరు. ఆ నీళ్ళను చూసి 1930లలో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతుల క్యాంపులు మా చుట్టూ ఉన్నాయి. వరి ఉంది, మిల్లులున్నాయి, రెండు యాసల తెలుగు ఉంది. రైలు మాత్రం లేదు. దగ్గరి స్టేషన్ బోధన్. హైదరాబాదు పోవాలంటే బాన్సువాడలోనో నిజామాబాదులోనో ఎక్కువసార్లు బస్సు మారాల్సిందే. సాయంత్రం ఆరింటికి అని వేసిన సభ ఏడింటికి మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. అప్పుడు జూబ్లీ బస్ స్టేషన్‌కు పోతే నిజామాబాదుకు బస్సు దొరుకుతుంది. అర్ధరాత్రి దాటాక నిజామాబాదులో దిగి వర్నికి దేంట్లో పోవాలి? ఆ చివరి ముక్క కోసమే మొత్తం దారికి కారు మాట్లాడుకోవాలి.

కారు కిరాయి లెక్క తెలియనివాళ్ళకు చెప్తాను. కిలోమీటరుకు ఇంత అంటారు. మనం ఒకవైపే పోయినా రానూ పోనూ కడతాం. రోజుకు 250, 300 కిలోమీటర్లు అని ఒక కనీసం పెడతారు, తక్కువ తిరిగినా అంత కట్టాలి. ఆపైన టోలు, డ్రైవర్ బత్తా, రాత్రయితే ఇంకో బత్తా. పోయినసారి నాకు 6,000 దాటింది. నిర్వాహకులు కవర్లో పెట్టి ఇచ్చింది 2,000. శాలువా అదనం.

అదే సభకు మా పక్క ఊరి నుంచి వచ్చిన కవిగారు బస్సులో వచ్చారు, రాత్రంతా బస్‌స్టాండు బెంచీ మీద కూర్చొని తెల్లారి ఇంటికి చేరారు. అది ఆయనకు తర్వాత చెప్పుకోవడానికి ఒక ముచ్చట అయింది. అదే నేను చేస్తే ముచ్చట కాదు, మా వీధికి ఆరునెలల మేత. సభకు రావడానికి ఆయనకూ నాకూ మధ్య ఉన్న తేడా 6,000 రూపాయలు. ఈ డబ్బును ఏ ఖర్చు కింద రాయాలి? ఆడదాన్నయినందుకు కట్టే పన్ను కింద రాయడం తప్ప నాకు వేరే ఖాతా కనబడటం లేదు. పైగా ఈ పన్ను కట్టగలిగేది జీతమో పెన్షనో ఉన్నవాళ్ళే. బీడీలు చుట్టుకుంటూ కవిత్వం రాసే అమ్మాయి మా మండలంలో ఉంటే, ఆమెను పిలవాలన్న ఆలోచన దగ్గరే ఆగిపోతారు. "ఆమె ఎట్లా వస్తుంది లెండి" అంటారు. పిలవకపోవడానికి ఇంత మర్యాదైన కారణం ఇంకోటి ఉండదు.

సరే, సేఫ్టీ సంగతి. 2013 అక్టోబరులో హైదరాబాదు హైటెక్ సిటీ ప్రాంతంలో ఇంటికి పోదామని కారెక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని ఎత్తుకుపోయారు. 2014 డిసెంబరులో ఢిల్లీలో యాప్‌లో పిలిపించుకున్న కారులో అత్యాచారం జరిగింది. రెండుచోట్లా ఆ స్త్రీలు చేసింది మనకు రోజూ చెప్పే పనే: కారెక్కారు. తలుపు మూసుకున్నాక బండిలో ఇద్దరే ఉంటారు, బస్సులో నలభైమంది ఉంటారు. ఈ చిన్న లెక్కను మన శ్రేయోభిలాషులు ఎందుకు వేయరో! (ఢిల్లీలో 2012 డిసెంబరు బస్సు గుర్తుచేస్తారు కొందరు. అది జనం ఎక్కిన సర్కారు బస్సు కాదు, ఆరుగురు మగవాళ్ళు తిప్పుతున్న ప్రైవేటు బస్సు.)

అందుకే "తెలిసిన డ్రైవర్" అనే ఏర్పాటు వచ్చింది. మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఆడపిల్ల దూరం పోవాలంటే మొదటి ప్రశ్న "బండెవరిది?" జవాబు "మనోడే". ఈ "మనోడే"లో ఊరుంటుంది, కులముంటుంది, తండ్రి పలుకుబడి ఉంటుంది. భయం కొంత తగ్గేమాట నిజమే. కానీ ఆ బండి మనతోపాటు మన ఇంటిని కూడా మోసుకొస్తుంది. నాకు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థిని యూనివర్సిటీలో పని ముగించుకొని స్నేహితురాలి గదిలో గంటసేపు కూర్చుందామనుకుంది. కూర్చోలేకపోయింది. ఆమె ఇల్లు చేరకముందే ఎక్కడ ఆగిందీ, ఎవరితో మాట్లాడిందీ ఇల్లు చేరుతుంది. డ్రైవరు చెడ్డవాడని కాదు. "ఎక్కడిదాకా వచ్చిండ్రు?" అని వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే అతను చెప్పక ఏం చేస్తాడు? కిరాయి ఇచ్చేది ఆయన. ఇది పాత "తోడు". అప్పుడు తమ్ముడు వెంట వచ్చేవాడు, ఇప్పుడు స్టీరింగు ముందు కూర్చుంటున్నాడు.

ఇక ఆ స్టీరింగు ముందు కూర్చున్న మనిషి గురించి. నన్ను ఎక్కువగా తీసుకుపోయే అబ్బాయి వాళ్ళ నాన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చేసేవాడు. 2015 డిసెంబరులో అది మూతపడింది. కొడుకు ఫైనాన్సులో కారు తీసుకున్నాడు. నెలనెలా కిస్తీ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎవరినో ఎయిర్‌పోర్టులో దించి, మధ్యాహ్నం నన్ను ఎక్కించుకున్నాడు. నేను లోపల శ్రమ గురించి, స్త్రీల అదృశ్య శ్రమ గురించి మాట్లాడుతున్నంతసేపూ అతను బయట సీటు వెనక్కి వాల్చుకొని నిద్రపోతున్నాడు. సభలో అందరికీ భోజనాలు పెట్టారు. డ్రైవర్లను పిలవాలని ఎవరికీ తోచలేదు, నేను పోయి పిలిస్తే "వాళ్ళు బత్తా తీసుకుంటారు కదండీ" అని ఒకామె అన్నది. మన మనిషే, మన రాతలే రాసే మనిషి. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 అని రాసింది. అయిదుగురో అంతకు మించో పనిచేసే సంస్థలకే అది వర్తించేది. సొంత కిస్తీ కట్టుకునేవాడికి ఏ గంటల లెక్కా పట్టలేదు. అర్ధరాత్రి రోడ్డుమీద అతని రెప్పలు వాలకుండా పలకరిస్తూ కూర్చోవడం కూడా నా పనే. దీన్నేనా సేఫ్‌గా ఉండటం అంటున్నాం?

ఏనుగుల వీరాస్వామి 1830-31లో బోయీలు మోసిన పల్లకీలో కాశీకి పోయివచ్చి, హైదరాబాదు మీదుగా నాగపూరు దారిని కూడా రాసిపెట్టాడు. మన యాత్రాసాహిత్యానికి మూలపురుషుడని ఆయన్ని చదువుకుంటాం. మోసినవాళ్ళు రాసింది మనకు లేదు. మనమూ ఆ వరసలోనే ప్రయాణాలు రాస్తున్నాం.

ఆడ డ్రైవర్లు కావాలంటారు కొందరు. రావాలి, తప్పకుండా. కానీ రాత్రి ఒంటిగంటకు నన్ను దించి ఆమె ఖాళీ కారుతో తిరిగి పోవాలి కదా. నా భయం ఆమెకు బదిలీ అయింది, అంతే.

బస్సు గురించి మాట్లాడితే మనలోనే కొందరికి ముఖం చిట్లుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు. "ఉచితాలు అలవాటు చేస్తున్నారు, పనిలేకపోయినా తిరుగుతున్నారు" అని ఒక స్త్రీల సమావేశంలోనే విన్నాను. పనిలేకపోయినా తిరగడమే కదా మనం పేజీలు పేజీలు రాసి అడిగింది! వర్ని నుంచి బాన్సువాడ సంతకు, అమ్మగారింటికి, ఆస్పత్రికి ఎవరినీ పదిరూపాయలు అడగకుండా బస్సెక్కే ఆడవాళ్ళను నేను చూస్తున్నాను. నా కారు ప్రయాణాల కంటే అది పెద్ద సంగతి. దాని లోపం డబ్బు తీసుకోకపోవడం కాదు, చీకటి పడ్డాక ఊళ్ళవైపు బస్సు లేకపోవడం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య జరిగిన కొద్దిరోజులకే, అప్పటి ముఖ్యమంత్రి ఆర్టీసీలో ఆడ ఉద్యోగులకు రాత్రి డ్యూటీలు వేయొద్దన్నారు. చాలామంది చప్పట్లు కొట్టారు. రాత్రి బస్సులో టికెట్ కొట్టే ఆడమనిషి ఉంటే ఎక్కే ఆడమనిషికి ధైర్యం. ఆమెను ఇంటికి పంపించి, నన్ను కారెక్కించి, రాత్రిని మొత్తంగా మగవాళ్ళకు రాసిచ్చేశారు.

కారు ఎక్కొద్దని నేను అనడం లేదు. నేను ఎక్కుతాను, రేపూ ఎక్కుతాను. నాకు పోవాలనిపించినచోటికి పోవడం మానుకోను. నా తగాదా ఆ కారును జవాబుగా చూపించి ప్రశ్నను మూసేసేవాళ్ళతో.

భండారు అచ్చమాంబ ఊరూరూ తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది, నూరేళ్ళ కిందట. ఆమె ఊళ్ళకు పోయింది. మనం ఊళ్ళను హైదరాబాదుకు పిలుస్తున్నాం, అదీ రాత్రిపూట. సభ పొద్దున పదింటికి పెడితే ఏం పోతుంది? బాన్సువాడలో, బోధన్‌లో ఫంక్షన్ హాళ్ళు లేవా? బడ్జెట్ వేసేటప్పుడు పూలదండలకు, ఫ్లెక్సీకి ముందు దూరం నుంచి వచ్చే ఆడవాళ్ళ దారిఖర్చు రాయొచ్చు. రాత్రి ఉండిపోవడానికి ఒక ఇల్లు చూపించొచ్చు. భోజనాల లెక్కలో డ్రైవర్లను కలపొచ్చు. ఇకమీదట నన్ను పిలిచేవాళ్ళను సభ ఎన్నింటికి ముగుస్తుందో ముందే అడుగుతాను. ఆ తర్వాత వర్నికి బస్సుందో లేదో వాళ్ళనే కనుక్కొని చెప్పమంటాను.